పొడుం డబ్బీకి పది రోజుల మైల

తెనాలిలో రోజుకి రెండుసార్లు తెల్లవారుతుందని అనంతలక్ష్మి నమ్మకం. మొదటిసారి అందరికీ తెల్లవారుతుంది. రెండోసారి ఆవిడ ఒక్కదానికే.

పెరటి గట్టు మీద కూచుని, డికాక్షన్ దిగేలోపు, బొడ్డున దోపుకున్న చిన్న వెండి డబ్బీ తీసేది. మూత మీద గోటితో రెండుసార్లు తట్టేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పొడుం. కుడి ముక్కు, ఎడమ ముక్కు. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ నీళ్ళలోంచి చూస్తే నందివర్ధనం మొక్క నాలుగడుగులు ముందుకి జరిగి వచ్చి పలకరించినట్టుండేది. వీధిలో పాలవాడి సైకిల్ బెల్లు ఎక్కడో వేమూరు అవతల మోగుతున్నంత దూరంగా, తీయగా వినపడేది. అప్పుడు ఒక తుమ్ము. ఆ తుమ్ముకి గోడ మీది పిల్లి రోజూ ఒకేలా ఉలిక్కిపడేది. ఇన్నేళ్ళయినా అలవాటు పడని పిల్లి అది.

ఇప్పుడావిడని ఇంటిల్లిపాదీ అమ్మమ్మ అంటారు. ఈ కథ పదమూడేళ్ళ కిందటిది. అప్పటికావిడ వయసు నలభైమూడు, అమ్మమ్మ కావడానికి ఇంకో నాలుగు నెలలు టైముంది.

పొడుం అత్తగారు పెట్టిన అలవాటు. కొత్తకోడలికి జలుబు చేస్తే మందని చెప్పి చిటికెడు ఇచ్చింది. జలుబు మూడు రోజుల్లో పోయింది, మందు ఇరవైనాలుగేళ్ళు ఉండిపోయింది. ఆ మహాతల్లి పోతూ పోతూ కోడలికి రెండే ఇచ్చింది, వెండి డబ్బీ, కొడుకు. రెండింట్లో ఏది ఎక్కువ సుఖపెట్టిందని అడిగితే అమ్మమ్మ ఇప్పటికీ కాసేపు ఆలోచించి గానీ జవాబు చెప్పదు.

ఆ కొడుకు పేరు సాంబశివరావు. వేమూరు హైస్కూల్లో తెలుగు మాస్టారు. సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూచుని పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ ముహూర్తాలు పెట్టేవాడు. పంచాంగం చూడకుండా ఆయన క్షవరం కూడా చేయించుకోడు. అలాంటి మనిషి భార్య చేత పొడుం మాన్పించడానికి మంచిరోజు చూడకుండా ఉంటాడా? పదకొండుసార్లు చూశాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. నెలనెలా మూడు రోజులు అనంతలక్ష్మి వెనకగదిలో చాప మీద విడిగా ఉండేది. ఆ మూడు రోజులూ వంట సాంబశివరావుదే. పప్పు మాడ్చుకుంటాడో, అన్నం ముద్ద చేసుకుంటాడో ఆయనిష్టం. స్కూల్లో ముందుగా చెప్పి కాస్త ఆలస్యంగా వెళ్ళాలి కాబట్టి, హాల్లో వేలాడే గోడ క్యాలెండర్ మీద ఆ తేదీలకి ఎర్రసిరాతో సున్నా చుట్టేవాడు. నాలుగో రోజు తలస్నానం. ఐదో రోజు నుంచి మడికి పనికొస్తుంది. దేవుడి ముందు కూచుని ఏ సంకల్పం చెప్పుకోవాలన్నా ఆ ఐదో రోజు తర్వాతే. మళ్ళీ ఆలస్యమైతే మనసు మారుతుందేమోనని ఆయన భయం. అందుకని ఐదో రోజో, ఆరో రోజో, అటూ ఇటూగా తిథీ వారమూ కుదిరిన రోజు చూసి, పసుపు గణపతిని పెట్టి, భార్యని పీట మీద కూచోబెట్టి, "ఇవాళ్టి నుంచి ముట్టను" అనిపించేవాడు.

ఆవిడ నిజంగానే ముట్టేది కాదు, మూడు రోజులు. ఒక్కోసారి నాలుగు.

ఆ తర్వాత ఏదో జరిగేది. దాన్ని అనంతలక్ష్మి ఎవరికీ చెప్పలేకపోయింది, ఎందుకంటే చెడ్డగా ఏమీ ఉండేది కాదు. ఒక పొద్దున లేచేసరికి లోకమంతా ఒక మెట్టు పైకెక్కి కూచున్నట్టుండేది. మల్లెపూల వాసన మామూలుగా వచ్చే చోటికన్నా దూరం నుంచే వచ్చేది. కాఫీ రుచి నాలిక దాటి చెవుల దాకా పాకేది. ఇస్త్రీ చేసిన చీర మడత విప్పితే ఆ వేడి వాసనకి కూడా ఒళ్ళు పులకరించేది. ఇన్ని వాసనలు ఇంత బాగుంటే, వాటన్నిటికీ రాణి లాంటి ఆ ఒక్క వాసన ఎంత బాగుంటుందో అని ముక్కు అడిగేది. మెల్లిగా, మర్యాదగా అడిగేది. మధ్యాహ్నానికి గొంతు పెంచేది. మర్నాటికి ఆవిడ రేపల్లె రైల్లో ఉండేది.

రేపల్లె ఎందుకంటే, తెనాలిలో ఏ కొట్టుకెళ్ళినా కొట్టువాడో వాడి కొడుకో మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. రేపల్లెలో అక్కయ్య ఉంది. అక్కయ్య ఇంటికి రెండు సందులు ముందు యోబు కొట్టు ఉంది.

తెనాలి నుంచి రేపల్లెకి ప్యాసింజరు తీరుబాటుగా వెళ్తుంది. చినరావూరు, జంపని, వేమూరు. ప్రతి స్టేషన్లోనూ ఏదో మర్చిపోయి గుర్తుచేసుకుంటున్నట్టు ఆగుతుంది. కిటికీ దగ్గర కూచుంటే పొలాలు పక్కనే నడిచొస్తాయి. నాట్లేసిన మళ్ళలో నీళ్ళు, నీళ్ళలో మబ్బులు, మబ్బుల మీద కొంగలు. ఏది పైనో ఏది కిందో తెలియదు. ఆ గంటన్నరా అనంతలక్ష్మి తను ఒట్టు తప్పడానికి వెళ్తున్న మనిషన్న సంగతి మర్చిపోయేది. కలలో నడుస్తున్నట్టే దిగేది, కలలో అడిగినట్టే అడిగేది.

"వచ్చారా అమ్మగారూ. ఈ నెల రెండ్రోజులు ఆలస్యమైందే," అనేవాడు యోబు, అడగకుండానే పొట్లం కడుతూ.

"నీకెందుకయ్యా నా లెక్కలు."

"లెక్క కాదండి, బెంగ. మీరు రాకపోతే అక్కగారికి ఒంట్లో బాలేదేమో అనుకుంటాను."

సాంబశివరావు ఆ రోజులకి క్యాలెండర్ మీద 'రే' అని రాసుకునేవాడు. ఆ రోజు మధ్యాహ్నం చద్దన్నమే గతి కనక. తన భార్యకి నెలకోసారి అక్క మీద ప్రేమ పొంగుతుందని ఆయన అభిప్రాయం. పొడుం మాత్రం ఇంట్లోనే ఎక్కడో దాచిందనుకుని, సంకల్పం చెడినప్పుడల్లా బియ్యం డబ్బాలూ, పప్పు డబ్బాలూ చెయ్యి పెట్టి వెతికేవాడు.

ఇదంతా ఇలాగే సాగిపోయేది, శ్రుతి నీళ్ళోసుకోకపోతే.

శ్రుతి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. బాపట్లలో అత్తవారిల్లు. ఆరో నెల వచ్చాక అనంతలక్ష్మి చలిమిడి చేసుకుని, పళ్ళూ పూలూ సర్దుకుని, బాపట్ల రైలెక్కింది. కూతురు ఒళ్ళు చేసి, కళ్ళ కింద కొద్దిగా నల్లబడి, ముద్దుగా ఉంది. చలిమిడి ఉండ నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పళ్ళెంలో పెట్టేసింది.

"ఏమే, పాకం ముదిరిందా?"

"పొడుం వాసనొస్తోందమ్మా."

"చేతులు కడుక్కునే చేశానే."

"కడుక్కునే ఉంటావు. అయినా వస్తోంది." శ్రుతి గొంతు పెంచలేదు. పక్కగదిలో అత్తగారున్నారు. "అమ్మా, నేనో మాట చెప్తాను, ఏమనుకోకు. తొమ్మిదో నెలలో పురిటికి మనింటికి రావాలి కదా. నువ్వది మానకపోతే నేను రాను. ఇక్కడే కంటాను."

"మొదటి పురుడు పుట్టింట్లోనే కదుటే."

"నా మీద ఒట్టేసి ఎన్నిసార్లు మానేశావు? నాకు పదేళ్ళప్పుడు నా తల మీద చెయ్యేసి మానేశావు. నాలుగు రోజులు. నీ పమిట కొంగు మీద ఆ మరక చూసి, నేనింక చచ్చిపోతానేమో అనుకుని రాత్రంతా పడుకోలేదు తెలుసా? అప్పుడే అర్థమైంది. నీకు నాకంటే డబ్బీనే ఎక్కువ."

అనంతలక్ష్మి కొంగు ఎడమచేతిలోకి తీసుకుని మడత పెట్టి, మళ్ళీ విప్పింది. కూతురు చెప్పింది అబద్ధమని ఆవిడకి తెలుసు. కానీ రుజువు చూపించడానికి చేతిలో ఏమీ లేదు. ఉన్నవన్నీ అవతలి పక్షం రుజువులే.

ఆ సాయంత్రం శ్రుతి చెకప్పుకి అనంతలక్ష్మి తోడు వెళ్ళింది. అదో చిన్న ఆసుపత్రి. అక్కడ తులసి అనే నర్సు కడుపుతో వచ్చినవాళ్ళని కూచోబెట్టి, తిండీ నిద్రా గురించి అడిగి రాసుకుంటుంది. ముప్పై ఏళ్ళుంటాయి, నవ్వితే ఒక పన్ను పైకి కనిపిస్తుంది. పొగాకు అలవాట్లు మాన్పించే శిక్షణ కూడా ఏదో తీసుకుని వచ్చింది.

"ఇంట్లో ఎవరికైనా సిగరెట్టు, పొగాకు అలవాటుందాండి?"

శ్రుతి తల్లి వంక చూసింది. తల్లి గోడ మీది పసిపాప బొమ్మ వంక చూసింది.

"పొడుమమ్మా," అంది అనంతలక్ష్మి చివరికి. "మానేస్తూనే ఉన్నాను."

తులసి నవ్వలేదు. "ఎప్పుడు మానడం మొదలెడతారు పిన్నిగారూ? నెలలో ఎప్పుడు?"

"మంచిరోజు చూసి. మా ఆయన ముహూర్తం పెడతారు."

"అది కాదండి. మీ నెలసరికి ఎన్నాళ్ళకి?"

ఇరవైనాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. "మా ఆయన్నడగాలమ్మా. ఆయన క్యాలెండర్లో రాస్తారు."

తులసి పెన్ను కింద పెట్టేసింది. "మీ నెలసరి తేదీలు బాబాయిగారు రాస్తారా?"

"వంట ఆయనే చేసుకోవాలి కదా."

"ఆ క్యాలెండర్ ఒకసారి తెస్తారా?"

తర్వాతి ఆదివారం సాంబశివరావు గోడ క్యాలెండర్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని బాపట్ల స్టేషన్లో దిగాడు. ఎవరైనా చూస్తే ఏదో సన్మానపత్రం తెచ్చుకుంటున్నాడనుకుంటారు. తులసి దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు మందు సీసాలు పెట్టింది. జనవరి నుంచి మొదలెట్టి ఒక్కో కాగితం తిప్పింది. ఎర్ర సున్నాలు. వాటి వెనక, ఐదారు రోజుల దూరంలో, 'రే'. మళ్ళీ సున్నాలు, మళ్ళీ 'రే'. ఇంకో కాగితం, అదే వరస. సంకల్పం చేసుకున్న నెలల్లో సున్నాలకీ 'రే'కీ మధ్య పసుపుతో పెట్టిన చిన్న బొట్టు.

"ఈ 'రే' ఏంటి బాబాయిగారూ?"

"రేపల్లెమ్మా. వాళ్ళక్కని చూసొస్తుంది."

ఫ్యాను తిరుగుతోంది. అనంతలక్ష్మి తన కాళ్ళ వేళ్ళకున్న మట్టెల్ని చాలా శ్రద్ధగా చూసుకుంటోంది.

"అక్కయ్య ఇంటికి ముందు ఒక కొట్టుందండి," అంది.

సాంబశివరావు క్యాలెండర్ వంకా, భార్య వంకా, మళ్ళీ క్యాలెండర్ వంకా చూశాడు. "మరి నేను పప్పు డబ్బాలన్నీ తిరగేశాను కదే."

"మీరు వెతుకుతుంటే వద్దని ఎలా అనను? చీమలు పట్టాయేమో చూసినట్టూ ఉంటుందని."

తులసి నవ్వాపుకుని చెప్పడం మొదలెట్టింది. డెల్టా మనుషులకి డెల్టా మాటల్లోనే చెప్పింది. "ఆడవాళ్ళ ఒంట్లో రెండు హార్మోన్లుంటాయి పిన్నిగారూ. ఒకటి ఈస్ట్రోజన్, రెండోది ప్రొజెస్టిరాన్. మన కాలవ లాకుల్లాగా అనుకోండి. స్నానం అయిన దగ్గర్నుంచి మొదటిది రోజురోజుకీ పెరుగుతుంది. అది తలుపులెత్తుతుంది. మెదడులో ఆనందం కలిగించే కాలవ ఒకటుంది, దాన్నిండా నీళ్ళు పారతాయి. ఆ రోజుల్లో మత్తిచ్చేది ఏదైనా సరే, పొడుం గానీ సిగరెట్టు గానీ సారా గానీ, ఇంకాస్త ఎక్కువ రుచిగా ఉంటుంది. నెల మధ్య దాటాక రెండోది వస్తుంది. అది తలుపులు సగం దించుతుంది. కోరిక కాస్త తగ్గుతుంది."

"ఇది ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు సాంబశివరావు. ప్రమాణం లేకుండా ఆయన ఏదీ ఒప్పుకోడు.

"ఆడ ఎలుకల మీద చూశారండి. సిగరెట్టు తాగే ఆడవాళ్ళ మీదా చూశారు. కొన్నిచోట్ల నెల రెండో సగంలో మానినవాళ్ళు ఎక్కువ రోజులు నిలబడ్డారు. ఇంకొన్నిచోట్ల తారుమారుగా వచ్చింది. అందరికీ ఒకేలా ఉండదు. కానీ పిన్నిగారిది చూడండి, మీరే రాశారు కదా."

"నన్ను ఎలుకంటావా తులసీ," అంది అనంతలక్ష్మి, కాస్త ఊపిరాడి.

"ఎలుకకి మొగుడు క్యాలెండర్ రాయడు పిన్నిగారూ." తులసి ఇంకో ప్రశ్న వేసింది. "శ్రుతి కడుపులో ఉన్నప్పుడు పొడుం పీల్చేవారా?"

అనంతలక్ష్మి కళ్ళు ఎక్కడికో వెళ్ళాయి. ఆ రోజులు గుర్తొచ్చాయి. డబ్బీ తెరిస్తేనే వెగటు. తొమ్మిది నెలలూ దాన్ని అటక మీద పెట్టేసి మర్చిపోయింది. పురిటిస్నానం అయ్యాక పది రోజులకేమో, పాప పక్కన నిద్రపోతుంటే, తనే నిచ్చెన వేసుకుని అటకెక్కింది. ఎందుకెక్కుతోందో తెలియకుండా ఎక్కింది.

"లేదమ్మా. అసలు గుర్తే రాలేదు."

"కడుపుతో ఉన్నప్పుడు ఆ రెండో హార్మోను చాలా ఎక్కువగా ఉంటుంది. కాన్పవగానే దబ్బున పడిపోతుంది. చాలామందికి అప్పుడే మళ్ళీ మొదలవుతుంది. అదొక్కటే కారణం అనను. కానీ అదీ ఒకటి."

శ్రుతి క్యాలెండర్ మీద వేలు పెట్టి, ఒక సున్నా నుంచి పసుపు బొట్టు మీదుగా 'రే' దాకా నెమ్మదిగా గీసింది. "అంటే నాన్న ప్రతిసారీ సరిగ్గా లాకులెత్తే రోజునే అమ్మని కాలవలో దించారన్నమాట," అంది.

సాంబశివరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పదకొండు ముహూర్తాలు. ఒక్కటీ దోషం లేనిది.

ఈసారి నెలసరి మొదలైన పదిహేడో రోజున మానమంది తులసి. ఇంటికి రాగానే సాంబశివరావు పంచాంగం తీశాడు. తీసి, మూశాడు, మళ్ళీ తీశాడు. పదిహేడో రోజంటే మంగళవారం. బహుళ అష్టమి. పైగా ఆషాఢం. అంతకన్నా పనికిరాని రోజు ఆ నెలలో వెతికినా లేదు.

"లక్ష్మీ, ఈ రోజున నేను కుక్కపిల్లకి పేరు కూడా పెట్టను."

"అయితే మానద్దంటారా?"

"మానద్దని నేననలేదు. సంకల్పం ఎలా చెప్పించను? గణపతిని ఏ మొహం పెట్టుకుని పిలవను?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, తొమ్మిదో నెల పురిటికని ముందే దాచి పెట్టిన పాతచీరల మూట విప్పి, పొత్తిగుడ్డలకి పనికొచ్చేవాటిని ఒకవైపుకి వేయడం మొదలెట్టింది. సాంబశివరావు ఆ చప్పుడు విన్నాడు. చీర చింపే చప్పుడు, మళ్ళీ చింపే చప్పుడు. కూతురు రాదని తెలిసినా చింపుతున్న చప్పుడు. ఆయన పంచాంగం పట్టుకుని పెరట్లో చాలాసేపు తిరిగాడు. ఏ పేజీలోనూ దొరకనిది చివరికి ఆయనకి నందివర్ధనం దగ్గర దొరికింది.

"ఏమేవ్. చావుకి ముహూర్తం ఉంటుందా?"

"ఏంటా అశుభం మాటలు?"

"ఉండదు కదా. ఏ రోజొస్తే ఆ రోజే. అష్టమీ లేదు, మంగళవారమూ లేదు. నువ్వు పొడుం మానడం లేదు. పొడుమే పోతోంది. మంగళవారం నాడు పోతుంది. మైల పది రోజులు. పదకొండో రోజు శుద్ధి."

అనంతలక్ష్మి చేతిలో చీర పట్టుకుని ఆయన వంక అలాగే చూసింది. పెళ్ళయిన ఇరవైనాలుగేళ్ళలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదని ఆవిడ తర్వాత ఒప్పుకుంది, అదీ బలవంతం చేస్తే.

మంగళవారం సాయంత్రం ఇద్దరూ కాలవ ఒడ్డుకి వెళ్ళారు. సాంబశివరావు ఉత్తరీయం నడుముకి చుట్టుకున్నాడు. అనంతలక్ష్మి డబ్బీ తెరిచి, ఒక్కసారి మూత మీద గోటితో తట్టి, ముఖం అటు తిప్పుకుని నీళ్ళలోకి ఒంపింది. కృష్ణ నుంచి కొత్తగా వదిలిన నీళ్ళు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. పొడుం కొంచెంసేపు పైన తేలి, గోధుమరంగు మచ్చలా సాగి, కరిగిపోయింది. ఇద్దరూ ఇంటికొచ్చి తలస్నానం చేశారు. వెండి డబ్బీని చింతపండుతో తోమి కుంకం పోశాడాయన.

ఆ పది రోజులూ ఎవరొచ్చి పంచాంగం అడిగినా సాంబశివరావు అరుగు మీద నుంచే చెప్పేవాడు, "మైలండి."

"అయ్యో, ఎవరు పోయారండి?"

"మా అమ్మ తాలూకు."

అబద్ధమేమీ లేదు. ఎదురింటివాళ్ళు మాత్రం రెండు పూటలా పులుసూ కూరా పంపారు, దుఃఖంలో ఉన్నారు కదాని. వాటిని తింటూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. ఎలాగూ ఆషాఢం, పెట్టాల్సిన ముహూర్తాలు లేవు కనక నష్టమూ లేదని ఆయన అన్నాడు గానీ, ఆషాఢం కాకపోయినా అలాగే చేసుండేవాడు.

సుఖంగా గడిచిన రోజులేం కావు. మొదటి మూడు రోజులు అనంతలక్ష్మికి తలపోటు. పొద్దున్నే గట్టు మీద కూచుంటే తెల్లవారింది కానీ రెండోసారి తెల్లవారలేదు. చెయ్యి బొడ్డు దగ్గరికి వెళ్ళి, ఖాళీ తగిలి తిరిగొచ్చేది. ఎనిమిదో రోజున అన్నంలో ఉప్పు లేదని ఆయనంటే గరిటె విసిరింది. ఆయన పంచాంగం అడ్డం పెట్టుకున్నాడు. అయినా ఈసారి కోరిక దూరంగా ఉంది. నిద్రలో ఎవరో పిలుస్తున్నట్టు, పలకకపోయినా ఫరవాలేనట్టు ఉంది. పదకొండో రోజు శుద్ధి చేసుకుని, గారెలు వండుకుని తిన్నారు. మర్నాడు క్యాలెండర్ మీద ఎర్ర సున్నా పడింది.

ఆ తర్వాతే అసలు పరీక్ష. సున్నా పడ్డాక తొమ్మిదో రోజు పొద్దున్న అనంతలక్ష్మి కళ్ళు తెరిచేసరికి మల్లెల వాసన మంచం దాకా వచ్చి కూచుని ఉంది. లోకం మళ్ళీ మెట్టెక్కింది. ముక్కు మర్యాదగా అడిగింది. మధ్యాహ్నానికి గొంతు పెంచింది.

మర్నాడు ఆవిడ రేపల్లె రైల్లో ఉంది.

ఆయనకి చెప్పే వెళ్ళింది, అక్కయ్యని చూసొస్తానని. ఆయన వద్దనలేదు, 'రే' అనీ రాయలేదు. పెన్ను చేతిలో పట్టుకుని క్యాలెండర్ ముందు నిలబడిపోయాడు, ఆవిడ వీధి మలుపు తిరిగే దాకా.

వాన వెలిసింది. జంపని దాటాక పొలాలు మెరిశాయి. నాట్లేస్తున్న ఆడవాళ్ళు వరసగా వంగి, వెనక్కి నడుస్తూ, తమ వెనకున్న నీళ్ళనంతా పచ్చగా మార్చేస్తూ పోతున్నారు. ఆ పచ్చదనం అనంతలక్ష్మి కళ్ళలోంచి లోపలికి దిగింది. ఇంత బాగుండడం తన తప్పు కాదని మొదటిసారి తోచింది. ఇది పదో రోజు. లాకులెత్తారు. నీళ్ళు వస్తాయి, పోతాయి. ఒట్టేసినప్పుడు ప్రేమ నిజమే. నీళ్ళూ నిజమే. శ్రుతి తల మీద పెట్టిన తన చెయ్యి ఏనాడూ అబద్ధమాడలేదు.

అయినా కాళ్ళు యోబు కొట్టు దగ్గరికే నడిచాయి. అలవాటు పడ్డ కాళ్ళు కదా, వాటికి హార్మోన్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

"పోయిన నెల రాలేదేంటమ్మగారూ," అన్నాడు యోబు. పొట్లం కట్టేశాడు. దారం చుట్టి పళ్ళతో తెంపాడు.

ఘాటు గాలిలోకి లేచింది. అనంతలక్ష్మి కళ్ళలో, పీల్చకుండానే, నీళ్ళు తిరిగాయి. కొట్టూ, వీధీ, యోబూ అన్నీ దగ్గరికి జరిగొచ్చాయి. చెయ్యి చాచింది. చాచిన చేతిని కొట్టు బల్ల మీద ఆనించి, బోర్లా పెట్టింది.

"నాలుగు రోజులాగి వస్తాను యోబూ."

"ఎందుకండీ, ఇప్పుడే కట్టాను కదా. మంచి సరుకు."

"మంచిదని తెలుసు. నాలుగు రోజులాగి వస్తాను. అప్పటికీ కావాలనిపిస్తే తీసుకుంటాను."

"మీ ఇష్టం," అన్నాడు యోబు, అర్థం కాకపోయినా. పొట్లం పైన అరలో పెట్టాడు.

నాలుగు రోజుల తర్వాత ఆవిడ వెళ్ళలేదు. వెళ్ళాలనిపించలేదు. తర్వాతి నెల మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అదే మాట చెప్పింది. ఆ పైనెలా అంతే. ఆవిడ పొడుం మానింది అలాగే, నెలకి నాలుగు రోజుల చొప్పున వాయిదా వేసి. ఇంకెప్పుడూ ముట్టనని ఈసారి ఎవరికీ మాటివ్వలేదు.

తొమ్మిదో నెల రాగానే బాపట్ల వెళ్ళింది. శ్రుతి గుమ్మంలోనే నిలబడి ఉంది. తల్లి రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు తన ముక్కుకి ఆనించుకుంది. పసుపు వాసనా, రైలు కిటికీ ఇనుము వాసనా తప్ప ఏమీ లేదు.

"మానేశావా?"

ఇదివరకైతే అవునని ఒట్టేసేది. "ఈ నెలకి మానేశానే," అంది అనంతలక్ష్మి. "వచ్చే నెల తొమ్మిదో రోజున మళ్ళీ అడుగు."

శ్రుతి తల్లి మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ పూర్తిగా నిజం చెప్పిన జవాబు అదొక్కటేనని అర్థమైంది.

"రేపల్లె రైల్లో ఒక్కదానివే వెళ్తున్నావట. నాన్న చెప్పారు, పొద్దున్నంతా క్యాలెండర్ ముందు నిలబడే ఉంటారట."

"కూచోమంటే వినరు."

"పెట్టె లోపలుంది, తీసుకురా. నేను బరువెత్తకూడదు," అంది శ్రుతి, చెప్పులేసుకుంటూ.

సాయంత్రం ప్యాసింజర్లో జనం పల్చగా ఉన్నారు. నిడుబ్రోలు దాటాక శ్రుతి తల్లి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. కిటికీలోంచి పొట్టకొచ్చిన వరి వాసన వస్తోంది. ఎండ చివరంచు కూతురి కడుపు మీద పడి, రైలు ఊగినప్పుడల్లా అటూ ఇటూ కదులుతోంది. అనంతలక్ష్మి నెమ్మదిగా అరచెయ్యి ఆ వెలుగు మీద పెట్టింది. లోపలి శాల్తీ గట్టిగా ఒక తన్ను తన్నింది. అది ఒప్పుకోవడమో వెక్కిరింపో అమ్మమ్మ ఇంకా తేల్చుకోలేదు. అడిగితే ఆ శాల్తీ చెప్పదు.